పన్నెండో తరగతికి ముందు వేసవి సెలవులు: జ్ఞాపకశక్తి శాస్త్రం ఏం చెబుతోంది?

గుజరాత్‌లో బడులకు వేసవి సెలవులు 35 రోజులు. మే నెల మొదట్లో బడి మూస్తే, మళ్లీ తెరిచేది జూన్‌లోనే. మిగతా తరగతుల పిల్లలకు ఇవి ఆటపాటల రోజులు. పదకొండో తరగతి ముగించి పన్నెండులోకి అడుగుపెట్టే విద్యార్థికి మాత్రం ఇంట్లో, బయటా ఒకటే ప్రశ్న ఎదురవుతుంది: సెలవుల్లో ఏం చదువుతున్నావు?

సూరత్‌లోని తెలుగు కుటుంబాల్లో ఈ ప్రశ్నకు మరికొంత బరువు ఉంటుంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి బతుకుదెరువు కోసం వచ్చిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధ్నా, పాండేసరా వంటి చోట్ల పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. ఈ నగరంలోని పురపాలక ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌లతో పాటు తెలుగులో కూడా నడుస్తున్నాయంటే ఈ వలస ఎంత పాతదో, ఎంత పెద్దదో అర్థమవుతుంది. సాంచాల మీద పగలు, రాత్రి షిఫ్టుల్లో పనిచేసే తల్లిదండ్రులు పిల్లల చదువు మీద చాలా ఆశలు పెట్టుకుంటారు. సెలవులు వచ్చేసరికి మాత్రం దారులు రెండే కనిపిస్తాయి. అప్పు చేసైనా పిల్లలను వేసవి కోచింగ్‌లో చేర్పించడం ఒకటి. పెళ్లిళ్లకో, పెద్దవాళ్లను చూడటానికో అందరూ సొంతూరికి వెళ్లడం, ‘ఈ నెల చదువు పోయినట్టే’ అనుకోవడం రెండోది.

ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఉంది. నేర్చుకున్నది మనిషి ఎలా మరచిపోతాడు, ఎలా గుర్తుంచుకుంటాడు అన్న దాని మీద గత 140 ఏళ్లుగా జరుగుతున్న పరిశోధనలు ఈ దారిని చూపిస్తున్నాయి. పెద్ద ఖర్చు లేని దారి ఇది. ఊరికి వెళ్లినా తెగిపోదు. సెలవుల్లో పన్నెండో తరగతి పాఠాలు ఎన్ని ముందుగా పూర్తయ్యాయన్నది ఇందులో ముఖ్యం కాదు. పదకొండో తరగతిలో నేర్చుకున్నదాన్ని పుస్తకం మూసి ఎన్నిసార్లు, ఎంత ఎడంతో గుర్తుచేసుకున్నామన్నదే ముఖ్యం.

మరుపు వేగం ఎంత?

మరుపును మొదటిసారి అంకెల్లో కొలిచినవాడు జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీ పట్టి, కొంతకాలం తర్వాత వాటిని మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ పడుతుందో లెక్కించాడు. ఆ ఫలితాలను 1885లో ప్రచురించాడు. మొదటిసారి పడిన శ్రమలో రెండోసారి ఎంత ఆదా అయిందన్నదే ఆయన కొలమానం. 20 నిమిషాల తర్వాత సుమారు 58 శాతం ఆదా కనిపించింది. ఒక రోజు గడిచాక అది 34 శాతానికి, 31 రోజుల తర్వాత 21 శాతానికి పడిపోయింది. 2015లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు కూడా దాదాపు ఇలాంటి వంపే వచ్చింది.

ఈ అంకెల్లో గమనించాల్సిన సంగతులు రెండు. మరుపు మొదటి రోజుల్లోనే ఎక్కువగా జరుగుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. నెల గడిచాక కూడా ఎంతో కొంత మిగిలే ఉంటుంది. అందుకే ఒకసారి నేర్చుకుని మరచిపోయినదాన్ని మళ్లీ నేర్చుకోవడం, కొత్తగా నేర్చుకోవడం కన్నా తేలిక. అర్థమున్న పాఠాలు అర్థం లేని అక్షరాలంత త్వరగా మాసిపోవు. అయినా మరుపు తీరు మాత్రం అలాంటిదే.

బడి సెలవుల్లో ఈ మరుపు ఎంత నష్టం చేస్తుంది? అమెరికాలో హారిస్ కూపర్, ఆయన సహచరులు 39 అధ్యయనాలను పరిశీలించి 1996లో ఒక సమీక్ష వెలువరించారు. వేసవి సెలవుల తర్వాత విద్యార్థుల స్థాయి సగటున ఒక నెల చదువుకు సమానంగా తగ్గుతుందని, గణితంలో ఈ తగ్గుదల మరింత ఎక్కువని అందులో తేలింది. తర్వాతి కాలంలో పాల్ వాన్ హిపెల్ వంటి పరిశోధకులు పాత పరీక్షల కొలతల్లోని లోపాలను ఎత్తిచూపి, ఈ నష్టాన్ని ఎక్కువ చేసి చెప్పారేమోనని ప్రశ్నించారు. పైగా అక్కడి సెలవులు ఇక్కడికన్నా చాలా ఎక్కువ రోజులు. కాబట్టి ఆ అంకెను సూరత్‌కు ఉన్నదున్నట్టు వర్తింపజేయలేం. అయితే ఏ పాఠాల మీద తర్వాతి పాఠాలు నిలబడతాయో, వాటిని మరచిపోతే తర్వాత ఇబ్బంది తప్పదన్న విషయంలో వివాదం లేదు.

ముందు పదకొండు, తర్వాతే పన్నెండు

సెలవుల్లో చాలామంది చేసే పని పన్నెండో తరగతి పుస్తకం తెచ్చుకుని మొదటి పాఠం మొదలుపెట్టడం. సూరత్‌లో సైన్సు చదివే విద్యార్థి భౌతికశాస్త్ర పుస్తకం తెరిస్తే ముందుగా కనిపించేది స్థిర విద్యుత్తు. రెండు ఆవేశాల మధ్య బలం దూరం వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందన్న కూలుమ్ నియమం అక్కడ ఉంటుంది. పదకొండులో చదివిన న్యూటన్ గురుత్వాకర్షణ నియమానిదీ ఇదే రూపం. గురుత్వ స్థితిశక్తి బాగా గుర్తున్నవారికి విద్యుత్ పొటెన్షియల్ సగం వచ్చినట్టే. అది మరచిపోయినవారికి రెండూ కొత్తగానే కనిపిస్తాయి.

మిగతా విషయాల్లోనూ ఇదే వరస. సదిశల గుణకారం రానిదే అయస్కాంత క్షేత్రంలో ఆవేశం మీద పనిచేసే బలం దిశ తెలియదు. సరళ హరాత్మక చలనం తెలిస్తే ఏకాంతర విద్యుత్తు పాఠంలోని సైను వక్రం పాత నేస్తంలా కనిపిస్తుంది. రసాయన శాస్త్రంలో మోల్ భావన లేకుండా ద్రావణాల లెక్కలు సాగవు. ఆక్సీకరణ, క్షయకరణం రాకుండా విద్యుత్ రసాయన శాస్త్రం అర్థం కాదు. జీవశాస్త్రంలో క్షయకరణ విభజన స్పష్టంగా ఉంటేనే మెండెల్ సూత్రాలకు కారణం తెలుస్తుంది. గణితంలో త్రికోణమితి, అవధులు, ప్రమేయాలు గట్టిగా లేకపోతే అవకలనం, సమాకలనం కొండలా అనిపిస్తాయి. వాణిజ్య విద్యార్థులకూ అంతే. జర్నల్ పద్దులు, ముగింపు లెక్కలు వచ్చినవారికే భాగస్వామ్య ఖాతాలు చేతికి అందుతాయి. సాంఖ్యక శాస్త్రంలో సగటు, విస్తరణ మాపనాల మీదే సహసంబంధం ఆధారపడి ఉంటుంది.

ప్రవేశ పరీక్షల సంగతి చూసినా ఇదే తేలుతుంది. గుజ్‌సెట్‌లో ప్రశ్నలు పన్నెండో తరగతి నుంచే వస్తాయి. జేఈఈ, నీట్ పరీక్షల్లో మాత్రం పదకొండో తరగతి పాఠాలు కూడా ఉంటాయి. బడి తెరిచాక ఉపాధ్యాయులు పన్నెండో తరగతి పాఠాలు ఎలాగూ చెబుతారు. పదకొండును మళ్లీ చెప్పే సమయం మాత్రం వారికి దొరకదు. ఆ పనికి విద్యార్థికి దొరికే ఖాళీ ఈ 35 రోజులే.

చదవడం వేరు, గుర్తుచేసుకోవడం వేరు

పాత పాఠాలను తిరగేయడం అనగానే చాలామంది నోట్సు తెరిచి మొదటి పేజీ నుంచి మళ్లీ చదువుతారు. ముఖ్యమైన వాక్యాల కింద రంగు గీతలు గీస్తారు. చదువుతుంటే ‘ఇది నాకు తెలిసిందే’ అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. చూస్తే గుర్తుపట్టడం ఒక సామర్థ్యం, చూడకుండా చెప్పగలగడం మరొకటి. పరీక్షలో కావలసింది రెండోది.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపింది. విద్యార్థులకు ఒక చిన్న శాస్త్రీయ వ్యాసం ఇచ్చారు. ఒక బృందం దాన్ని నాలుగు విడతలు చదివింది. మరో బృందం ఒక విడత చదివి, మిగతా మూడు విడతల్లో వ్యాసాన్ని చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవారిదే పైచేయి: వారికి 83 శాతం, రాసినవారికి 71 శాతం గుర్తుంది. వారం తర్వాత లెక్క తలకిందులైంది. నాలుగు విడతలు చదివినవారికి 40 శాతమే మిగిలింది. ఒక విడత చదివి మూడు విడతలు రాసినవారికి 61 శాతం మిగిలింది. ప్రయోగం మధ్యలో ‘వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు?’ అని అడిగితే, ఎక్కువ ధీమాగా చెప్పినవారు పదే పదే చదివిన బృందంవారే.

జాన్ డన్లోస్కీ, ఆయన సహచరులు 2013లో పది రకాల చదువు పద్ధతులను సమీక్షించారు. వయసు, విషయం, పరీక్ష రకం మారినా బాగా పనిచేసేవిగా వారు గుర్తించినవి రెండే: తనను తాను పరీక్షించుకోవడం, చదువును ఎడం ఎడంగా పంచుకోవడం. విద్యార్థులు ఎక్కువగా నమ్ముకునే గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం తక్కువ ఉపయోగం ఉన్న పద్ధతుల జాబితాలో చేరాయి.

ఆచరణలో ఇది చాలా సులువు. ఒక తెల్ల కాగితం తీసుకుని, ఉదాహరణకు ‘ఉష్ణగతిక శాస్త్రం’ అని పైన రాసి, పుస్తకం మూసి గుర్తున్న నిర్వచనాలు, సూత్రాలు, పటాలు, మెలికలు అన్నీ పావుగంట పాటు రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి, తప్పులను, వదిలేసినవాటిని వేరే రంగు సిరాతో దిద్దుకోవాలి. ఈ రెండో పని తప్పనిసరి. దిద్దుకోకపోతే తప్పే గట్టిపడే ప్రమాదం ఉంది. కాగితం సగం ఖాళీగా మిగిలితే బెంగపడాల్సిన పని లేదు. ఎక్కడ కూర్చుని చదవాలో ఆ ఖాళీయే చెబుతుంది. గుర్తుచేసుకోవడానికి పడే ఆ కష్టమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందని ఈ పరిశోధనల సారాంశం. పెద్దలు ‘నెమరువేయడం’ అనే మాటను ఊరికే వాడలేదు.

మొదటినుంచీ అర్థం కాని పాఠం విషయంలో మాత్రం ఈ పద్ధతి ఒక్కటే చాలదు. లోపల లేనిదాన్ని గుర్తుచేసుకోవడం కుదరదు. అలాంటి పాఠాలను ముందుగా విడిగా రాసిపెట్టుకోవాలి. పాఠ్యపుస్తకంలో సాధించి చూపిన ఉదాహరణలు, దీక్షా వేదికలో ఉచితంగా దొరికే పాఠాలు, పైతరగతి విద్యార్థి, తెలిసిన ఉపాధ్యాయుడు, ఎవరి సాయంతోనైనా వాటిని అర్థం చేసుకుని, ఆ తర్వాతే గుర్తుచేసుకునే సాధన మొదలుపెట్టాలి.

మూడు వారాల ఎడం

ఒక పాఠాన్ని ఒకే రోజు మూడు గంటలు చదవడం మేలా, లేక మధ్యలో ఎడమిచ్చి రెండుసార్లు గంటన్నర చొప్పున చదవడం మేలా? రెండోదే మేలన్న సంగతి ఎబ్బింగ్‌హాస్ కాలం నుంచీ తెలుసు. ఎంత ఎడం ఇవ్వాలన్నది మాత్రం చాలాకాలం తేలలేదు.

నికొలస్ సెపేడా, హారొల్డ్ పాష్లర్, వారి సహచరులు 2008లో దీనికి జవాబు వెతికారు. 1,350 మందికి పైగా మనుషులకు కొన్ని విషయాలు నేర్పి, మూడున్నర నెలల వరకు రకరకాల ఎడాలతో పునశ్చరణ చేయించారు. ఆ తర్వాత కొందరికి వారానికి, మరికొందరికి ఏడాదికి, ఇలా వేర్వేరు సమయాల్లో చివరి పరీక్ష పెట్టారు. పరీక్ష ఎంత దూరంగా ఉంటే పునశ్చరణకు ఇవ్వాల్సిన ఎడం అంత పెరుగుతుందని తేలింది. వారం తర్వాత పరీక్ష ఉంటే ఒకట్రెండు రోజుల ఎడం మంచిది. ఏడాది తర్వాత పరీక్ష ఉంటే ఆ వ్యవధిలో 5 నుంచి 10 శాతం, అంటే సుమారు మూడు నుంచి ఐదు వారాల ఎడం మంచిది.

ఈ లెక్కను గుజరాత్ క్యాలెండర్ పక్కన పెట్టి చూస్తే ఆసక్తికరమైన విషయం కనిపిస్తుంది. సెలవులు ముగిసేది జూన్‌లో. పన్నెండో తరగతి బోర్డు పరీక్షలు మొదలయ్యేది ఫిబ్రవరి నెలాఖరులోనో, మార్చిలోనో. మధ్యలో ఉన్నవి సుమారు ఎనిమిదిన్నర నెలలు. అంత దూరపు పరీక్షకు మూడు వారాల ఎడం బాగా సరిపోతుంది. 35 రోజుల సెలవుల్లో ఆ ఎడం హాయిగా ఇముడుతుంది. సెలవుల మొదట్లో ఒకసారి, మూడు వారాల తర్వాత చివర్లో మరోసారి చదివితే చాలు. మధ్యలో ఊరికి వెళ్లే రోజులు చదువుకు అడ్డు కానక్కర్లేదు. పునశ్చరణకు కావలసిన ఎడం అవే.

ఈ అధ్యయనంలో నేర్పినవి చిన్న చిన్న వాస్తవాలు. గణిత సమస్యలకూ, పెద్ద భావనలకూ సరైన ఎడం ఇదేనని దీన్నిబట్టి గీత గీసినట్టు చెప్పలేం. మూడు వారాలన్నది ఒక అంచనా మాత్రమే. నాలుగు రోజులు అటూ ఇటూ అయినా నష్టం లేదు. ఒకే ఊపులో చదివి వదిలేయడం కన్నా ఎడమిచ్చి చదవడం మేలన్న మూలసూత్రం మాత్రం ఎన్నో ప్రయోగాల్లో రుజువైంది.

లెక్కలను కలిపి చేయాలి

గణితం పుస్తకాల్లో ప్రతి అధ్యాయం చివర ఒకే రకం లెక్కలు ఇరవై ముప్పై ఉంటాయి. మొదటి మూడు చేశాక చేయి దానంతటదే నడుస్తుంది. ఏ సూత్రం వాడాలన్న ఆలోచన అక్కర్లేదు, అధ్యాయం పేరే చెప్పేస్తుంది. పరీక్ష పేపర్లో ఆ పేరు ఉండదు.

దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు కొన్ని ఘనాకారాల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్చుకున్నారు. ఒక్కో రకం లెక్కలన్నీ వరుసగా చేసినవారికి సాధన సమయంలో 89 శాతం సరిగా వచ్చాయి. అన్ని రకాలనూ కలగలిపి చేసినవారికి 60 శాతమే వచ్చాయి. వారం తర్వాత పరీక్ష పెడితే వరుసగా చేసినవారికి 20 శాతం, కలగలిపి చేసినవారికి 63 శాతం వచ్చాయి. ఇదే రోరర్ బృందం ఏడో తరగతి పిల్లలతో 54 తరగతి గదుల్లో చేసి 2020లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలోనూ ఫలితం ఇటే మొగ్గింది. నెల తర్వాత ముందస్తు సమాచారం లేకుండా పెట్టిన పరీక్షలో కలిపి చేసినవారికి 61 శాతం, విడివిడిగా చేసినవారికి 38 శాతం వచ్చాయి.

అందుకని సెలవుల్లో రోజుకు పది లెక్కలు చేయదలిస్తే త్రికోణమితి నుంచి మూడు, శ్రేఢుల నుంచి రెండు, సరళరేఖల నుంచి రెండు, అవధుల నుంచి మూడు తీసుకోవడం మంచిది. లెక్కల సంఖ్యలను చీటీల మీద రాసి ఒక డబ్బాలో వేసి, రోజూ పది తీస్తే చాలు. తప్పులు ఎక్కువ వస్తాయి, వేగం తగ్గుతుంది, ‘నాకు రావడం లేదు’ అనిపిస్తుంది. ఆ అనుభూతిని నమ్మి పద్ధతి మార్చుకోవడమే చాలామంది చేసే పొరపాటు.

ఇంటి భాష అక్కరకొచ్చే చోటు

సూరత్ తెలుగు విద్యార్థి ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో గుజరాతీ, ప్రవేశ పరీక్షల పుస్తకాల్లో ఇంగ్లిష్ చూస్తుంటాడు. ఇన్ని భాషలు అడ్డంకిలా అనిపించవచ్చు. కానీ పాఠాన్ని వివరించి చెప్పడానికి ఇంటి భాష మంచి సాధనం.

మిషెలీన్ చీ, ఆమె సహచరులు 1994లో ఎనిమిదో తరగతి పిల్లలతో రక్తప్రసరణ పాఠం చదివించారు. ప్రతి వాక్యం తర్వాత దాని అర్థాన్ని తమ మాటల్లో వివరించుకున్న పిల్లలు, అదే పాఠాన్ని రెండుసార్లు చదివిన పిల్లల కన్నా బాగా నేర్చుకున్నారు. ముఖ్యంగా నేరుగా పాఠంలో లేని, ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్నల్లో తేడా ఎక్కువగా కనిపించింది. ఊళ్లో తాతకో, ఇంట్లో అమ్మకో, చెల్లెలికో ఒక పాఠాన్ని తెలుగులో చెప్పడానికి ప్రయత్నిస్తే పుస్తకపు వాక్యాలు అప్పజెప్పడం కుదరదు. అర్థమైనదే చెప్పగలం. ‘అట్ల ఎందుకైతది?’ అని అవతలివారు అడిగే ఒక్క ప్రశ్న చాలు, ఎక్కడ తడబడుతున్నామో తెలిసిపోతుంది.

పారిభాషిక పదాల విషయంలో సంస్కృతం చేసిన మేలు ఒకటుంది. గుజరాతీ పుస్తకంలోని ‘జడత్వ’ తెలుగులో జడత్వమే. ‘బళ్’ అంటే బలం. ‘వక్రీభవన్’ అంటే వక్రీభవనం. కొన్ని మాత్రం వేరుగా ఉంటాయి. తెలుగులో త్వరణం అనేదాన్ని గుజరాతీలో ‘ప్రవేగ్’ అంటారు. ద్రవ్యవేగాన్ని ‘వేగమాన్’ అంటారు. కిరణజన్య సంయోగక్రియ ‘ప్రకాశసంశ్లేషణ్’ అవుతుంది. రోజుకు ఐదు పదాల చొప్పున మూడు భాషల్లో ఒక పట్టిక రాసుకుంటే సెలవులు ముగిసేసరికి 150కి పైగా పదాలు చేతిలో ఉంటాయి. పరీక్ష ఏ భాషలో రాయాలో ఆ భాషలో కూడా వివరణ రాసి చూసుకోవాలన్నది మరవకూడదు.

చుట్టూ ఉన్న పనితో పాఠాన్ని ముడిపెట్టడమూ ఉపయోగపడుతుంది. సూరత్ సాంచాల మీద నేసే పాలిస్టర్ దారం ఒక ఆమ్లం, ఒక ఆల్కహాల్ కలిసి నీటిని వదులుతూ ఏర్పడే ఎస్టర్ బంధాల పొడవాటి గొలుసు. ఆల్కహాళ్లు, కార్బాక్సిలిక్ ఆమ్లాలు పన్నెండో తరగతి పాఠాలే. సాంచాను నడిపే మోటారు వెనుక ఉన్నది విద్యుదయస్కాంత ప్రేరణ. రోజూ చూసే వస్తువుకు తగిలించిన జ్ఞాపకం అంత త్వరగా జారిపోదు.

ఉక్కపోత, నిద్ర, చోటు

సముద్రానికి దగ్గరగా ఉండటంతో మే నెలలో సూరత్‌లో ఎండతో పాటు ఉక్కపోత కూడా ఎక్కువే. వేడి చదువును దెబ్బతీస్తుందా? 2016 వేసవిలో బోస్టన్ నగరంలో 44 మంది విద్యార్థుల మీద ఒక అధ్యయనం జరిగింది. వడగాలుల రోజుల్లో ఏసీ లేని వసతి గృహాల్లో పడుకున్నవారు, ఉదయం పెట్టిన చిన్న పరీక్షల్లో ఏసీ గదుల్లో పడుకున్నవారి కన్నా వెనుకబడ్డారు. వేడి రాత్రి ప్రభావం మర్నాటి ఆలోచన మీద పడుతుందన్నమాట. ప్రతి ఇంట్లో ఏసీ పెట్టుకోవడం కుదరదు. వేళలు మార్చుకోవడం మాత్రం కుదురుతుంది. కష్టమైన పని, అంటే గుర్తుచేసుకుని రాయడం, కలగలిపిన లెక్కలు చేయడం తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఎనిమిది మధ్య పెట్టుకోవాలి. మధ్యాహ్నం పదాల పట్టిక, పటాలు గీయడం వంటి తేలిక పనులు చాలు. నీళ్లు, మజ్జిగ దగ్గర ఉంచుకోవాలి.

తెల్లవారుజామున లేవాలంటే రాత్రి పెందలాడే పడుకోవాలి. 13 నుంచి 18 ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్రా వైద్య నిపుణుల సిఫారసు. 1924లోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ చేసిన ప్రయోగంలో, నేర్చుకున్నాక నిద్రపోయినవారికి మెలకువగా గడిపిన సమయం తర్వాత కన్నా ఎక్కువ గుర్తున్నట్టు తేలింది. పగటి జ్ఞాపకాలు స్థిరపడటంలో నిద్రకు పాత్ర ఉందని ఆ తర్వాతి పరిశోధనలు చూపాయి. అర్ధరాత్రి దాకా ఫోన్ చూసి, ఉదయం పదింటికి లేచే సెలవు దినచర్య వల్ల చల్లటి వేళ చేజారుతుంది, బడి తెరిచాక నిద్రవేళలు సర్దుకోవడానికి మరో వారం పడుతుంది.

ఒకే గది ఇంట్లో, పక్కనే సాంచాల చప్పుడు వినిపించే చోట చదువుకు ప్రత్యేకమైన బల్ల దొరకడం కష్టం. ఈ విషయంలో ఒక పాత ప్రయోగం ఊరటనిస్తుంది. స్టీవెన్ స్మిత్, ఆర్థర్ గ్లెన్‌బర్గ్, రాబర్ట్ బ్యోర్క్ 1978లో కొందరికి 40 పదాలను రెండుసార్లు చదవడానికి ఇచ్చారు. రెండుసార్లూ ఒకే గదిలో చదివినవారికి తర్వాత వేరే గదిలో సుమారు 16 పదాలు గుర్తొచ్చాయి. రెండు వేర్వేరు గదుల్లో చదివినవారికి సుమారు 24 గుర్తొచ్చాయి. చోటు మారడం చెడ్డది కాదన్నమాట. ఉదయం మేడ మీద, మరో రోజు పురపాలక గ్రంథాలయంలో, ఇంకోసారి ఊళ్లో వేపచెట్టు కింద చదివినా ఫరవాలేదు. సూరత్ నుంచి వరంగల్ మీదుగా వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన కూర్చుని, పుస్తకం తీయకుండా ఒక పాఠాన్ని మనసులో తిరగేయడం కూడా చదువే.

35 రోజుల లెక్క

పై సంగతులన్నిటినీ ఒక ప్రణాళికగా పేరిస్తే ఇలా ఉంటుంది.

మొదటి రెండు రోజులు: పూర్తి విశ్రాంతి. పరీక్షల అలసట తీరాలి. రెండో రోజు సాయంత్రం పదకొండో తరగతి విషయ సూచికలు ముందు పెట్టుకుని, పన్నెండుకు ఎక్కువ అవసరమయ్యే పది అంశాలను ఎంచుకోవాలి.

3 నుంచి 12వ రోజు వరకు: రోజుకు ఒక అంశం. ముందు పావుగంట గుర్తున్నది రాయడం, తర్వాత పుస్తకంతో దిద్దుకోవడం, ఖాళీలు చదవడం, చివర్లో ఆ అంశం నుంచి కొన్ని, ముందు రోజుల అంశాల నుంచి కొన్ని కలిపి లెక్కలు. అన్నీ కలిపి రోజుకు రెండు, రెండున్నర గంటలు.

13 నుంచి 23వ రోజు వరకు: ఊరు, పెళ్లిళ్లు, ఆటలు. పుస్తకాల సంచి మోయనక్కర్లేదు. పదాల పట్టిక, చీటీల డబ్బా, ఎవరికైనా ఒక పాఠం చెప్పడం చాలు. ఇష్టమైతే పన్నెండో తరగతి మొదటి పాఠాలను కథలా ఒకసారి చదవచ్చు.

24 నుంచి 33వ రోజు వరకు: అవే పది అంశాలు, అదే వరుసలో. మూడో రోజు చేసినది 24వ రోజు వస్తుంది, మధ్యలో సరిగ్గా 21 రోజులు. మళ్లీ తెల్ల కాగితంతోనే మొదలుపెట్టాలి. మొదటి విడత కాగితాన్ని పక్కన పెట్టి పోల్చి చూసుకుంటే ఏది నిలిచిందో, ఏది జారిపోయిందో కళ్లకు కనిపిస్తుంది.

చివరి రెండు రోజులు: జారిపోయినవాటి జాబితా రాసుకోవడం, నిద్రవేళలను బడి వేళలకు సర్దుకోవడం.

సెలవుల్లో ఇంటి ఖర్చుకు ఆసరాగా చీరల మడతలకో, దుకాణానికో వెళ్లే పిల్లలు కూడా ఉన్నారు. వారికి రోజుకు రెండు గంటలు దొరకకపోవచ్చు. అలాంటప్పుడు పది అంశాలకు బదులు ఐదు తీసుకుని రోజు విడిచి రోజు చేయాలి. తగ్గించాల్సింది అంశాల సంఖ్య. కాగితం మీద గుర్తుచేసుకోవడం, మూడు వారాల ఎడం, ఈ రెండింటినీ వదులుకోకూడదు.

కోచింగ్ అవసరమా?

కోచింగ్ మొత్తంగా పనికిరాదని ఈ పరిశోధనలు చెప్పడం లేదు. అర్థం కాని పాఠాన్ని అర్థమయ్యేలా చెప్పే ఉపాధ్యాయుడి విలువ ఎప్పుడూ ఉంటుంది. కానీ రోజుకు ఆరు గంటలు కూర్చుని పన్నెండో తరగతి పాఠాలు వింటూ, పదకొండును తిరిగి తలచుకునే తీరిక లేని సెలవుల్లో, చదివినట్టు ఎక్కువ అనిపిస్తుంది, మిగిలేది తక్కువ. ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు రెండు ప్రశ్నలు అడగవచ్చు: పాత పాఠాల మీద పరీక్షలు పెట్టి తప్పులు దిద్దుతారా? చెప్పిన పాఠాన్ని కొన్ని వారాల తర్వాత మళ్లీ అడుగుతారా? రెండింటికీ ‘లేదు’ అన్నదే జవాబైతే, పిల్లలు ఇంట్లో తెల్ల కాగితాలతో చేసే పనే వారికి ఎక్కువ మేలు చేస్తుంది.

బోర్డు పరీక్షల లోపు మరో సెలవు వస్తుంది. గుజరాత్‌లో దీపావళికి బడులు 21 రోజులు మూస్తారు. వేసవిలో రెండుసార్లు చూసిన పది అంశాలను అప్పుడు మూడోసారి తెల్ల కాగితం మీదకు తెచ్చుకోవచ్చు. ఈసారి వాటి పక్కన పన్నెండో తరగతి మొదటి సగం కూడా ఉంటుంది. వేసవిలో ఒక్కో అంశానికి రెండు గంటలు పట్టిన విద్యార్థికి దీపావళి నాటికి అరగంట సరిపోతే, ఆ 35 రోజులు వృథా కాలేదని లెక్క.